చిన్నపేగులో చిక్కిన చిప్

"పుష్పరాణిని బతికించడం మీ అసైన్‌మెంట్ కాదు. చిప్ తేవడం మీ అసైన్‌మెంట్," అన్నాడు ఫోన్లో చీఫ్.

"యస్ సార్," అన్నాడు ఏజెంట్ జయదేవ్. సాల్ట్ లేక్‌లోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో, పేషెంట్ భర్త వేషంలో ఉన్నాడతను.

పుష్పరాణి ఏక్‌బాల్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల పిల్ల. పార్క్ స్ట్రీట్ పార్టీల్లో ఆమె నవ్వితే విదేశీ ముఠా నాయకుడు ఒళ్లు మరిచేవాడు. ఆమె తన మనిషనే నమ్మాడు. నిజానికి ఆమె జయదేవ్ మనిషి. బడ్జ్ బడ్జ్ ఆయిల్ డిపోలో ముఠా దాచిన బాంబుల్ని ఆపే కోడ్ చిప్‌లో ఉంది. దాన్ని కొట్టేసి బయటపడుతుంటే గుమ్మం దగ్గర సోదా మొదలైంది. చిప్‌ని అది ఉన్న క్యాప్సూల్‌తో సహా మింగేసింది.

అది చిన్నపేగులో ఇరుక్కుంది.

"మామూలు ఎండోస్కోప్ అంత దూరం వెళ్లదు," డాక్టర్ లలితాంబ స్కాన్ చూపించింది. "బెలూన్లున్న ఎంటరోస్కోప్ కావాలి. కానీ అక్కడ పేగు పుండై పల్చబడింది. లాగితే చిరుగుతుంది. ముందు రక్తం ఎక్కించి, బీపీ నిలబెట్టి, రేపు ఆపరేషన్ చేస్తే బతికించగలను."

బాంబులు పేలేది ఈ సాయంత్రమే.

"ఏటి సార్, మొకం అలగెట్టేరు?" అంది పుష్పరాణి.

జయదేవ్ ఏదీ దాచలేదు. ఆమె వద్దంటే బాగుండునని మాత్రం లోలోపల కోరుకున్నాడు.

"మాయమ్మ డిపో గోడ పక్కనే ఉంటాది," అందామె. "లాగీమనండి. అమ్మకి మాత్రం నాకు జొరమని చెప్పండి."

మత్తిచ్చారు. తెరమీద గులాబీరంగు సొరంగం. బెలూన్ ఉబ్బుతోంది, తగ్గుతోంది. పేగుని మడతలుగా వెనక్కి లాక్కుంటూ స్కోప్ నత్తలా జరుగుతోంది. చివరికి క్యాప్సూల్ మెరిసింది. స్కోప్ కొసనుంచి చిన్న వల విప్పారింది, బిగిసింది.

"పట్టాను!" అంది లలితాంబ. మరుక్షణం తెరంతా ఎర్రబడింది.

పుష్పరాణిని థియేటర్‌కి పరిగెత్తించారు. జయదేవ్ చిప్‌ని వాచీలోని రీడర్లో దూర్చి కోడ్ పంపాడు. డిపోలో టైమర్ ఆఖరి సెకనులో ఆగిపోయింది.

థియేటర్ తలుపు తెరుచుకుంది. లలితాంబ మాస్కు తీసి, తల అడ్డంగా ఊపింది.

ఫోన్ మోగింది. "కంగ్రాట్స్ జయదేవ్! బడ్జ్ బడ్జ్‌లో ఏమీ జరగలేదు."

"అవును సార్," అన్నాడు జయదేవ్. "జరిగిందంతా ఇక్కడే జరిగింది."