మరిపించాల్సింది పాలే

పొద్దున్న స్టవ్ మీద జావ ఉడుకుతోంది. తల్లి కాళ్లకు చుట్టుకుని బుడంకాయ ఆమె నైటీ పట్టి లాగుతున్నాడు. వాడికి ఏడాదిన్నర. పుట్టినప్పుడు పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడని ఎవరో సరదాకి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు వాడిలో గుండ్రంగా మిగిలింది తల ఒక్కటే.

ఆ సన్నబడటం చూసి డాక్టరమ్మ చెప్పింది. "పొట్టంతా పాలతోనే నింపుకుంటున్నాడు, ఇంక అన్నం ఎక్కడ తింటాడు? తల్లికీ రక్తం తక్కువగా ఉంది. ఒక్కసారిగా ఆపకండి, ఒక్కో పూటా తగ్గించండి."

ముందు మధ్యాహ్నం పాలు ఆగాయి. వాడి తల్లి మళ్లీ బేకరీలో పనికి వెళ్తోంది కాబట్టి అది ఎలాగో జరిగిపోయింది. కేకుల మీద క్రీముతో పువ్వులు వేయడం, పేర్లు రాయడం ఆమె పని. ఇప్పుడు పొద్దుటి పాలు ఆపాలి.

"జావ తినిపించి మెల్లగా పాలు మరిపించాలమ్మాయ్," అంది అత్తగారు, గిన్నె చల్లారుస్తూ. "నువ్వు ఎదురుగా ఉంటే వీడు చెంచా వంక చూడడు. వెళ్లి తయారవు."

మరిపించడం. ఆ మాట వింటే చాలు, కోడలికి లోపల ఏదో గుచ్చుకున్నట్టుంటుంది. మాన్పించడం అనొచ్చుగా, అనుకుంది. మరిచిపోవడం మొదలుపెడితే పాల దగ్గరే ఆగుతాడని ఏముంది?

"చొక్కా మార్చి తెస్తానత్తయ్యా," అని పిల్లాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

కాసేపటికి భర్త పనిముట్ల సంచీ కోసం ఆ తలుపు తోశాడు. లిఫ్టులు బాగుచేయడం అతని పని. భార్య మంచం అంచున గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లోంచి చిన్న పాదం ఒకటి హాయిగా ఊగుతోంది.

"ఇదేనా చొక్కా మార్చడం?"

"అయిపోయింది, ఒక్క నిమిషం."

"రోజూ ఇదే జరుగుతోందా? అమ్మ అంత బతిమాలినా వీడు నోరెందుకు తెరవడం లేదో ఇప్పుడర్థమైంది. ఇంతకీ మనం పాలు మాన్పిస్తోంది వీడి చేతా, నీ చేతా?"

నవ్వుతూనే అన్నాడు. ఆమె నవ్వలేదు. "ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"వాడెక్కడ ఏడ్చాడు? నీ నైటీ వదిలేసి గరిటెతో ఆడుకుంటుంటే నువ్వే ఎత్తుకెళ్లావు."

ఆమె చీర కట్టుకుని, విడిచిన నైటీ తలుపు వెనక తగిలించి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

బేకరీలో మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. అప్పుడొచ్చిన ఒకావిడ చంకలో పసిపాప ఏడుపందుకుంది. ఎవరి బిడ్డో ఏడిస్తే ఈమె రొమ్ములు సలిపాయి, ఏప్రన్ కింద జాకెట్టు తడిసింది. ఒక చేత్తో ఏప్రన్ సర్దుకుంటూనే రాసింది. ఎవరి పుట్టినరోజు కేకు మీదో పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

యజమానురాలు ఆ కేకు వంక చూసింది, తర్వాత ఆమె వంక. "పేరు నేను దిద్దుకుంటాలే, నువ్వు ఇంటికెళ్లు. నీ మొహం చూస్తే క్రీము కూడా విరిగిపోయేలా ఉంది."

ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. చీర మీదుగా కోడలి నైటీ వేసుకుంది. భుజాల దగ్గర కుట్లు పిగిలేలా ఉన్నాయి. ఆ గుడ్డకి చెంప ఆనించి బుడంకాయ నిద్రపోతున్నాడు.

"నా నైటీ వేసుకున్నారేంటత్తయ్యా?"

"మెల్లగా. ఇప్పుడే కన్ను మూశాడు. సగం గిన్నె తిన్నాడు తెలుసా?"

"నైటీ ఎందుకని అడుగుతున్నాను." గొంతు తగ్గించే అంది. "పాలు మరిపిస్తానన్నారు, సరే. నన్ను మరిపించమని ఎవరు చెప్పారు? నా బట్టలేసుకుని కూర్చుంటే మిమ్మల్నే అమ్మనుకుంటాడనా?"

అత్తగారి మొహం చిన్నబోయింది. పిల్లాడి వీపు నిమిరింది.

"ఇది ఉతకలేదు. నీ వాసన ఉందని వేసుకున్నాను," అంది. "నీ మొగుడికి పాలు మాన్పించేటప్పుడు నన్ను మా అక్క ఇంటికి పంపేశారు. కంటికి కనబడకపోతే పాలు మరిచిపోతాడన్నారు. తిరిగొచ్చేసరికి నన్నే మరిచిపోయాడు. చేతులు చాపితే పక్కింటావిడ కొంగు చాటుకి పోయి దాక్కున్నాడమ్మాయ్. వీడికలా కాకూడదని... పగలంతా నీ వాసన దగ్గరుంటే, పాలు మరిచినా నిన్ను మరవడని. నా బుర్రకి తోచింది అంతే. దీంట్లో ఊపిరాడక చస్తున్నాను కూడా."

కోడలు కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

"పొద్దున పాలిచ్చింది వాడు ఏడ్చాడని కాదత్తయ్యా. ఏడవలేదని ఇచ్చాను."

"తెలుసు. చొక్కా మార్చేవాళ్లు చొక్కా తీసుకెళ్తారు. అది ఆరేసిన తీగ మీదే ఉండిపోయింది."

ఇద్దరికీ నవ్వొచ్చింది, కోడలికి దానితోపాటే కన్నీళ్లూ వచ్చాయి. ఆ కదలికకి బుడంకాయ లేచాడు. నాయనమ్మని చూశాడు, తల్లిని చూశాడు. కుర్చీ దిగి తల్లి దగ్గరికొచ్చాడు. ఆమె చెయ్యి అప్రయత్నంగా పైటని పట్టుకుంది. అడిగితే ఇవ్వాలో వద్దో ఆమెకే తెలియడం లేదు.

వాడు అడగలేదు. నిక్కరు కాస్త పైకి లాగి మోకాలు చూపించాడు. చిన్నగా గీరుకుపోయి ఉంది. అప్పుడు వణికింది వాడి కింది పెదవి.

"ఎప్పుడు పడ్డాడు?"

"నువ్వలా వెళ్లగానే గుమ్మం దగ్గర బోర్లా పడ్డాడు. తనే లేచి దులుపుకున్నాడు, కిక్కురుమనలేదు. తగల్లేదేమో అనుకున్నాను." అత్తగారు ముందుకు వంగి చూసింది. "ఇంతసేపూ నా దగ్గరే ఉన్నాడు, ఒక్కసారైనా చూపించలేదు దొంగ. నీకోసం దాచుకున్నాడు."

ఆమె మోకాలి మీద ఊదింది. వాడు పరీక్షగా చూసుకుని ఇంకా దగ్గరికి జరిపాడు. మళ్లీ ఊదింది.

తర్వాత వాడు రెండో కాలి నిక్కరు కూడా పైకి లాగాడు. అక్కడ ఏ దెబ్బా లేదు. ఆమె కళ్లు తుడుచుకోకుండానే వంగి, దాని మీదా ఊదింది.