మళ్ళీ మోగిన డప్పులు

చైనాలో వెన్‌ఝౌ దగ్గరి ఆ చిన్న పట్నంలో, ఆ ఉదయం కూడా గంజి చల్లారకముందే రువాన్ వాళ్ళింట్లో గుండీల మిషను టకటకమంది. సుయింగ్ మీట నొక్కుతుంటే రంగురంగుల గుండీలు బుట్టలోకి రాలుతున్నాయి.

"ఆపు!" గంజిగిన్నె విసురుగా పెట్టాడు తండ్రి దతాయ్. "నా కొలువు నీకు రావాలనేగా ముందే ఫ్యాక్టరీ నుంచి దిగిపోయాను! సర్కారు కూడు కాలదన్ని గుండీలమ్ముతావా?"

ఆయన పాత ఫ్యాక్టరీ కోటుకి పై గుండీ ఊడి నెలలైంది. కూతురి గుండీ కుట్టనివ్వలేదు.

"వీధిలో సగం ఇళ్ళకి మన పిల్లే పని చూపిస్తోంది. బడికి కప్పూ తనే వేయించింది," అంది తల్లి. "ఊరంతా మెచ్చుకుంటుంటే మీకొక్కరికే చేదు!"

"మెచ్చిన నోళ్ళే రేపు ఉమ్ముతాయి. ఇంట్లో ఆ మిషనైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

సుయింగ్ లేచింది. "నా కష్టం కన్నా నీ పరువే నీకెక్కువ నాన్నా! నేనే పోతాలే."

అప్పుడే సందు మొదట్లో డప్పులు మోగాయి. "గుండీల సుయింగ్ ఇల్లెక్కడ?" అని మైకు అరిచింది.

దతాయ్ మొహం పాలిపోయింది. సొంత వ్యాపారం నేరమైన ఆ పాత రోజుల్లో, దొంగచాటుగా సూదులమ్మాడని ఆయన తమ్ముడి మెడలో నేరం రాసిన పలక వేసి, ఇలాంటి డప్పులతోనే ఊరేగించారు. ఆ తమ్ముడు మళ్ళీ తలెత్తలేదు.

కూతుర్ని వంటింట్లోకి నెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడాయన. "మిషను నాది. పిల్లకేం తెలీదు. పలక నా మెడలో వెయ్యండి!"

పట్టణాధికారి తెల్లబోయి, ఫక్కున నవ్వాడు. "పలకేంటి దతాయ్ అన్నా! పదిమందికి పని చూపించిన వాళ్ళకి ఇవాళ జిల్లాలో సన్మానం. తీసుకెళ్దామని వచ్చాం." అతని చేతిలో గిన్నెంత ఎర్ర పట్టుపువ్వు. "మిషను నీదేనన్నావుగా, మరి ఇది ఎవరికి పెట్టాలి?"

వీధంతా నవ్వింది. దతాయ్ మాత్రం గుమ్మానికి అడ్డుపెట్టిన చేతులు ఇంకా దించలేదు. అది చూశాక సుయింగ్‌కి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన అరిచింది పరువు కోసం కాదు, భయంతో. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. వంటింట్లోంచి వచ్చి, పువ్వందుకుని తండ్రి కోటుకి పెట్టబోయింది.

"ఆగవే," ఆమె చెయ్యి ఆపాడాయన. మొదటిసారి ఆమె బుట్టలో చెయ్యి పెట్టి, నీలం గుండీ ఒకటి ఏరి ఇచ్చాడు. "ముందిది కుట్టు. అంత సభకి గుండీ ఊడిన కోటుతో వస్తానా?"