డక్టులో సాంబ్రాణి పొగ

అమలాపురంలో ఆ అపార్టుమెంటుకి మూడంతస్తులు. మొదటి అంతస్తులో లక్ష్మీతులసి, ఆమె తల్లి సత్యవతి ఉంటున్నారు. తులసి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. సత్యవతి ఓడలరేవులో ముప్పై ఏళ్ళు చేపల తట్ట మోసి కూతుర్ని చదివించింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మెట్ల మీద ఆమె ఎదురైతే చాలు, కొందరి ముక్కులు వాటంతటవే ముడుచుకునేవి.

నెల కిందట మూడో అంతస్తు బాత్రూముల్లో కుళ్ళు వాసన మొదలైంది. అక్కడే ఉండే అసోసియేషన్ ప్రెసిడెంటు సూర్యప్రకాష్ గారు ఇంకెక్కడా వెతకలేదు. ఒకటో తారీఖుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమని తల్లీకూతుళ్ళకి కాగితం పంపారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి సత్యవతి చేప వండటం మానేసింది. రోజుకి మూడుసార్లు తలమీంచి నీళ్ళు పోసుకునేది. అయినా వాసన పోలేదు. తల్లి అలా సబ్బు అరగదీసుకోవడం చూసి తులసికి కడుపు మండిపోయింది.

వారం రోజులు టేపు పట్టుకుని బిల్డింగంతా కొలిచింది. తలుపులు, కిటికీలు, బాత్రూముల వెనక కిందనుంచి పైదాకా పోయే డక్టు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ ఇంటి గాలి ఏ ఇంట్లోకి పోతోందో చూసింది. వాళ్ళ వంటింటి గాలి బాల్కనీలోంచి తిన్నగా కొబ్బరితోటల మీదికి పోతోంది. ప్రెసిడెంటుగారి బాత్రూములోకి వచ్చే గాలి ఎక్కడిదా అని వెనక్కి వెతుక్కుంటూ వెళితే, అది రెండో అంతస్తులో ఒక గోడ దగ్గర ఆగింది. ఆ గోడ వెనక ప్లానులో గది లేదు.

"ఈ ఎర్రగీతలూ నీలిగీతలూ నాకెందుకమ్మా?" అన్నారు సూర్యప్రకాష్ గారు, ఆమె కంప్యూటర్లో చూపించిన బొమ్మ చూసి.

"అయితే పొగ పెట్టి చూపిస్తానండీ, రండి," అంది తులసి.

మధ్యాహ్నం మూడింటికి ప్రెసిడెంటుగారూ తల్లీకూతుళ్ళూ రెండో అంతస్తులో మెట్ల పక్కనున్న డక్టు తలుపు తీశారు. కరెంటు లేదు. లోపల చీకటి, గొట్టాల మీంచి కారే నీటి చప్పుడు, ఆ వాసన. తులసి నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ధూపం పళ్ళెం లోపల పెట్టింది. వెచ్చటి పొగ పైకి పోవాలి. కొంచెం లేచింది... ఆగింది... పక్కకి తిరిగింది. గోడలో వేలెడు వెడల్పున బీట ఉంది. పొగంతా అందులోకి పోయింది.

తర్వాత బయటికి వచ్చింది.

మళ్ళీ లోపలికి... మళ్ళీ బయటికి...

"గాలే కదమ్మా?" అని గుసగుసగా అడిగారు సూర్యప్రకాష్ గారు.

తులసి చదివిన చదువులో ఇలాంటి గాలి లేదు. అయినా వెనక్కి తగ్గలేదు. చెయ్యి చాపి బీట మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది... తడిగా ఉంది... చర్మాన్ని లోపలికి లాగుతోంది.

గోడ లోపల ఎవరో దగ్గారు.

సూర్యప్రకాష్ గారు మెట్ల మీద కూలబడ్డారు. "ఆ కాగితం వెనక్కి తీసేసుకుంటానండీ. బయట ఎవరికీ చెప్పకండి. రేపే మేస్త్రీని పిలిచి సిమెంటు పెట్టించేస్తాను."

సత్యవతి ఆయన మీద విరుచుకుపడింది.

"ఇది చేప వాసన కాదు బాబూ! నాకు మొదటిరోజే తెలిసింది. సముద్రంలో పోయి మూడోనాడు ఒడ్డుకొచ్చిన మనుషుల్ని చూసినదాన్నండీ నేను. చెబితే మీరు వినేవారా? నెల్రోజులు నాకు ఊపిరాడనివ్వలేదు. ఇప్పుడు వీడికీ ఊపిరాడకుండా చేసేస్తారా? సిమెంటు పెట్టించండి, చూద్దాం! ఇక్కడే అడ్డంగా కూర్చుంటాను. మేం ఇల్లూ ఖాళీ చెయ్యం, ఈ బీటా మూయనివ్వం!"

ఆమె కూతురి వైపు తిరిగింది. "ఆ నిప్పులు ఆర్పెయ్యవే. పొగకి దగ్గుతున్నాడు."

తులసి నీళ్ళు చల్లింది. నిప్పులు చుయ్యిమన్నాయి. పొగ పలచబడింది. సత్యవతి మోకాళ్ళ మీద వంగి, బీట దగ్గర నోరు పెట్టి, జ్వరం పడ్డ బిడ్డని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఇప్పుడు తెరిపిగా ఉందా నాయనా?"

నీటి చుక్కల చప్పుడు ఆగిపోయింది...

"ఆయ్," అని అవునంది లోపల ఒక మగగొంతు.

దాని వెనకే, కింద మొదటి అంతస్తులో, తల్లీకూతుళ్ళ ఇంటి గోడలోంచి ఓ పసిగొంతు... "ఆయ్."