ఊపిరి సంచీ

2006 మే నెల. నోయిడాలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో నేను నర్సుని. పిల్లల ఐసీయూలో ఈ రోజు ఒక్కడే ఉన్నాడు, వెంటిలేటర్ మీద రెండు నెలల బాబు. ఏసీ హోరు, ఫినాయిల్ వాసన... రోజూ ఉండేవే.

మా ఆయా అన్నమ్మ ఆంటీది బాపట్ల దగ్గర పల్లె. కరెంటు పోయి జనరేటర్ మొరాయించినప్పుడల్లా, రబ్బరు సంచీ చేత్తో నొక్కుతూ పిల్లలకి ఊపిరందించేది ఆవిడే. పోయిన వారం ఈ బాబుకే మూడు గంటలు నొక్కింది. పేపర్లో మాత్రం డాక్టరుగారి ఫోటో వేశారు.

నిన్న ఆవిడే జ్వరంతో కాలిపోతూ వచ్చింది.

"ఒక్క మంచం ఇప్పించు రెబ్కమ్మా" అంది.

మేనేజరుని అడిగాను. "కాంట్రాక్టు వాళ్లకి ఇక్కడ బెడ్ ఉండదు సిస్టర్. సర్కారీ ఆస్పత్రికి పంపించు" అన్నాడు. పై వార్డులో ఆరు మంచాలు ఖాళీ. ఆవిణ్ణి ఆటో ఎక్కించి వచ్చేశాను.

ఈ మధ్యాహ్నం ఇంజెక్షన్ కోసం కిందికి దిగాను. కరెంటు పోయింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మెట్లన్నీ పరుగున ఎక్కాను. ఐసీయూకి కిటికీలు లేవు. లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

ఫుస్... ఫుస్...

ఎవరో సంచీ నొక్కుతున్నారు. నా ప్రాణం కుదుటపడింది.

"ఆంటీ, మీరేనా?"

"నేనే." గొంతు బొంగురుపోయింది. "చేతులు లాగేస్తన్నాయి రెబ్కమ్మా... ఎవరన్నా అందుకోండి..."

"నేనొస్తున్నా."

జేబులో ఫోను మోగింది. ఆంటీ కూతురు. మీ అమ్మ ఇక్కడే ఉంది అని చెప్పబోయాను.

"అమ్మ పొద్దున్నే పోయిందక్కా" అంది ఆ పిల్ల. "సర్కారీ ఆస్పత్రి వరండాలోనే... మంచం దొరకలేదు."

ఫోను వెలుతురు అటు తిప్పాను.

ఎవరూ లేరు. బాబు గొట్టానికి తగిలించిన సంచీ ఒక్కటే... నొక్కుకుంటోంది. రబ్బరు మీద వేళ్ల సొట్టలు పడుతున్నాయి.

పారిపోదామనుకున్నాను. పోతే బిడ్డ?

చేతులు చాచి సంచీ పట్టుకున్నాను. నా వేళ్ల మీద చల్లటి వేళ్లు బిగుసుకున్నాయి.

"వదలకు" అంది ఆ గొంతే, చెవి పక్కన.

ఎంతసేపు నొక్కానో తెలీదు. కరెంటొచ్చింది. డాక్టరుగారు వచ్చి బాబుని మళ్లీ వెంటిలేటర్‌కి పెట్టి, "అచ్ఛా, ఠీక్ హై" అంటూ వెళ్లిపోయారు.

సంచీ బల్ల మీద పెట్టేశాను. నా చేతులు మాత్రం ఆగలేదు. ముడుచుకుంటున్నాయి... విచ్చుకుంటున్నాయి... నేను ముడవడం లేదు.

వెంటిలేటర్ దాని లెక్కన అది ఆడుతోంది.

బాబు రొమ్ము మాత్రం నా చేతుల లెక్కనే లేస్తోంది.