తీతువు గుడ్ల చుట్టూ రాళ్లు

మిట్టమధ్యాహ్నం. పెనుకొండ ఊరవతల, కొండ కింద రాళ్లనేల మీద గంగాధరప్ప గొడుగు కింద కూర్చుని బొమ్మ వేస్తున్నాడు. పక్కన కమలాక్షి అనే చిన్నపిల్ల కూర్చుంది. పిట్టల్నీ కొండల్నీ గీసే ఆ హిందూపురం చిత్రకారుడు మాటల్లో మహా పిసినారి.

కమలాక్షికి పక్కన ఒక మనిషి ఉంటే చాలు. రెండో ప్రపంచయుద్ధం మూలాన పట్టు దొరక్క ధర్మవరంలో నాయన మగ్గం ఆగిపోయింది. ఆమెను ఇక్కడ అవ్వ దగ్గర వదిలి ఆయన కూలికి పోయాడు. వీధి పిల్లలు ఆమెను ఆటకు పిలవరు. సాయంత్రమైతే ఏడుపొచ్చేది.

ఆరోజు బొమ్మ, గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట పెట్టిన గుడ్లది. మచ్చల రాళ్లు, మచ్చల గుడ్లు. ఏవి ఏవో పోల్చుకోలేక గంగాధరప్ప కళ్లు చికిలిస్తున్నాడు. సాయం చేస్తే రేపు కూడా రమ్మంటాడని కమలాక్షికి ఆశ పుట్టింది.

ఆయన నీళ్లకని బావి దగ్గరికి పోగానే గుడ్ల చుట్టూ ఉన్న రాళ్లన్నీ ఏరేసింది. చీరలో బుటా తేటగా కనబడాలంటే చుట్టూ సాదాగా ఉండాలి. నేతగాళ్ల పిల్లకు అది ఉగ్గుపాలతో నేర్చిన విద్య. తీతువు నెత్తిమీద తిరుగుతూ అరుస్తున్నా ఆగలేదు.

గంగాధరప్ప తిరిగొచ్చేసరికి కాకులు వాలాయి. ఇద్దరూ పరిగెత్తారు గానీ, పెంకులే మిగిలాయి. ఆయన తిట్టలేదు.

"మనకు బాగా కనపడల్లని రాళ్లు తీసినావు. కాకులకూ కనపడినాయమ్మా," అన్నాడు.

ఇంక అక్కడ గీసేదేమీ లేదని సామాను సర్దుకుని కదిరి వైపు వెళ్లిపోయాడు. కమలాక్షి మళ్లీ ఒంటరిదైపోయింది.

కొన్నాళ్లకు ఆ నేలలోనే, ఇంకోచోట, తీతువు మళ్లీ గుడ్లు పెట్టింది. కమలాక్షి దూరంగా నిలబడి చూస్తుండగా వీధి పిల్లలు వచ్చారు.

"ఏం చూస్తాండావు? మాకూ చూపియ్యి. నిన్నూ ఆటలో కలుపుకుంటాం," అంది వాళ్లలో పెద్దదైన సిద్దమ్మ.

ఈ పిలుపు కోసమే ఆమె ఇన్నాళ్లూ కాచుకుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ లేదక్కా. ఊరికే నిలబడినా," అంది.

అని, గుడ్లకు ఎడంగా వాగు వైపు నడిచింది. పిల్లలు కాస్త దూరం వెంట వచ్చి, ఏమీ కనబడక, దీనికి పిచ్చి అని నవ్వుకుంటూ ఆటకు పోయారు. కమలాక్షికి కళ్లనిండా నీళ్లు. అయినా వాళ్లు ఊళ్లోకి మళ్లేదాకా గుడ్ల వైపు తలైనా తిప్పలేదు.