పూజ మాత్ర

2071 ఏప్రిల్ 18న డాక్టర్ వకుళ ఇంట్లో చింతచిగురు రొయ్యలు. కాకినాడ తీరానికి ఆవల, సముద్రం మీద తేలే నీటివాడలో రొయ్యలకు కొదవ లేదు. చింతచిగురు మాత్రం నేల మీది నుంచి రావాలి. అక్క కూతురు నాగసిరి భోజనానికి వస్తోందని వకుళ దాన్ని పనిగట్టుకుని తెప్పించింది.

సిరికి పందొమ్మిదేళ్ళు, పెళ్ళయి రెండు నెలలు. సోమవారం లోతుసముద్ర శిక్షణ నౌక ఎక్కబోతోంది. భర్త అదే నౌకలో ఇంజనీరు. నీటి ఒత్తిడి ప్రమాదమని గర్భిణులను నౌకలోకి తీసుకోరు. మధ్యలో గర్భం వస్తే ఒడ్డుకు పంపేస్తారు. ఆ సీటు మళ్ళీ రాదు.

సిరి చెవికున్న దుద్దు వకుళ కనిపెట్టినదే. పేరు శ్రవణిక. అందులో బియ్యపు గింజంత ప్రాసెసర్ ఉంటుంది. అమ్మాయి పెదవి కదిపితే చాలు, ప్రశ్నను గ్రహించి ఆమెకొక్కదానికే వినిపించేలా జవాబు చెబుతుంది. నెలసరి గురించి, గర్భనిరోధం గురించి, ఇంట్లో అడగలేనివన్నీ దాన్ని అడగవచ్చు. ఎవరేం అడిగారో ఎక్కడా దాచుకోదు. అడగనిదే నోరు విప్పదు. ఉపదేశాలు వినీ వినీ విసిగిన పిల్లల కోసం వకుళ పట్టుబట్టి పెట్టిన నియమమది. హైస్కూల్లో చేరిన ప్రతి ఆడపిల్లకూ ఇప్పుడు ఒక శ్రవణిక ఉంది.

“ఓడలో జాగ్రత్త. ఇంతకీ ఏం వాడుతున్నారు?” అంది వకుళ వడ్డిస్తూ.

“అబ్బా పిన్నీ! అన్నం తినేటప్పుడా?”

“డాక్టరు పిన్ని ఉంటే అంతేనే. చెప్పు.”

“అమ్మ ఇచ్చిందిలే. పూజ మాత్రలు.”

వకుళ చేతిలో గరిట ఆగిపోయింది. వ్రతమో పెళ్ళో దగ్గరపడితే నెలసరి వాయిదా పడాలని ఇంట్లో ఆడపిల్లలకు వేయించే మాత్ర అది. చిన్నప్పుడు తనూ వేసుకుంది.

“అది నెలసరిని నాలుగు రోజులు వెనక్కి జరుపుతుంది సిరీ, అంతే. గర్భం రాదని దాన్ని నమ్ముకోకూడదు.”

“నెలసరినే ఆపేది బిడ్డనాపలేదా?” అని సిరి నవ్వబోయి, పిన్ని ముఖం చూసి ఆగింది. “నిజంగానా?”

“దుద్దునడగలేదటే?”

“తెలియనిది అడుగుతాం గానీ, తెలిసింది కూడా అడుగుతామా?”

వకుళ బల్ల మీదున్న శ్రవణిక నమూనా యంత్రం వైపు తిరిగింది. “శ్రవణికా, పూజ మాత్ర సంగతి నీకు తెలుసా?”

“తెలుసు. అది గర్భనిరోధకం కాదు.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“సందేహం వస్తేనే కదా డాక్టర్ అడిగేది. సందేహం లేని చెవికి నేను ఉత్త దుద్దునే.”

వకుళ సిరి లాలాజలంతో గర్భ పరీక్ష చేసింది. ఫలితం వచ్చేదాకా సిరి కంచం ముందు కదలకుండా కూర్చుంది. మెతుకులు అంటిన చెయ్యి ఎండిపోయింది. పరీక్ష పట్టీ తెల్లగానే ఉండిపోయింది.

“ఏం లేదే పిచ్చిదానా.”

సిరి ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. “ఆ రొయ్యలు ఇలా పెట్టు” అంది.

భోజనమయ్యాక పిన్నిని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. అన్నీ విని, జబ్బకు చర్మం కింద పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్ కావాలంది. వకుళే అమర్చింది. దీపాలు పెట్టే వేళకు సిరి తన తల్లి సత్యవేణికి ఫోన్ చేసింది.

“అమ్మా, నీ పూజ మాత్ర దానికి పనిచెయ్యదంట!”

“ఎవరన్నారే?”

“పిన్ని.”

“దాని మొహం! నేను వాడలేదా? బీఎడ్ చదివేటప్పుడు, పరీక్షలయ్యేదాకా పిల్లలొద్దనుకుని...”

అవతల సత్యవేణి గొణుగుతూ నెలలు లెక్కపెట్టింది.

“ఓసి నీ!” అంది సత్యవేణి. “అయితే నువ్వు అలా పుట్టావా? ఇన్నాళ్ళూ అన్నవరం స్వామే పంపాడనుకున్నానే!”

సిరి మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

“నవ్వకే. నిన్నెత్తుకున్నాక ఆ పరీక్షల ఊసే మర్చిపోయాను. బెంగేం లేదు. నువ్వు మాత్రం నీ చదువు వదలకు.” గొంతు తగ్గింది. “ఇదిగో సిరీ... నాకు బాగా తెలుసనుకున్నవి ఇంకా కొన్ని ఉన్నాయే. ఒక్కొక్కటే చెప్తాను. నిజమో కాదో చెబుతావా? మీ పిన్ని వింటోందా?”

సిరి తలెత్తి చూసింది. వకుళ అప్పటికే లేచి, సిరి పక్కన దుప్పటి పెట్టి, గడప దాటింది.

“లేదమ్మా. చెప్పు” అంది సిరి.

వకుళ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.