ఆరు గంటల వ్యవధి

చూడామణి గోంగూర ఒలుస్తుండగా ఆమె మణికట్టు నారింజరంగులో వెలిగింది. చిన్నమెదడుకు వెళ్ళే సన్నని రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బిందని, రక్తంలో తిరిగే కంటికి కనిపించనంత చిన్న యంత్రం, ధమనికావలి, కనిపెట్టింది. చాలా అరుదైన చోటు అది. వాళ్ళమ్మకూ అక్కడే వచ్చింది. చిట్లడానికి ఆరు గంటలు. ఈలోగా కుట్టుపురుగులనే మరో రకం యంత్రాలు రక్తంలో ఈదుకుంటూ వెళ్ళి లోపలినుంచే కుట్టేస్తాయి. అంతవరకూ రక్తపోటు పెరగకూడదు.

కబురు అందుకుని చెల్లెలు హైమావతి పక్కవీధినుంచి వచ్చింది. గోడలోంచి వైద్యస్వరం హెచ్చరించింది: "మనసు కలతపెట్టే సంగతులేవీ ఎత్తకండి."

"చూశావా, నీ నోరు మూయించడానికి నాకింత జబ్బు రావలసివచ్చింది," అంది చూడామణి, మంచంమీద వెనక్కి వాలుతూ.

హైమావతి నవ్వలేకపోయింది. పన్నెండేళ్ళుగా ఒక మాట దాచుకుంది. అమ్మ రోజుల్లో కావలి ముందే చెప్పగలిగేదే గాని, కుట్టే పురుగులు ఇంకా రాలేదు. ఆ ఆరు గంటలూ అమ్మ "పెద్దది వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేని కాలమది. హైమావతి కబురు పెట్టలేదు. ఆనక, కావలి మూగబోయి ముందుగా ఏమీ చెప్పలేదని అక్కకు చెప్పింది. ఎప్పటికైనా తమలో ఒకరికి చావుముందు ఆరు గంటలు దొరుకుతాయి కదా, అప్పుడు ఒప్పుకోవచ్చులే అనుకుంది. ఊళ్ళో అందరూ అలాగే వాయిదా వేసుకునేవాళ్ళు.

నాలుగో గంటలో చూడామణి అడిగింది: "అమ్మ నన్ను తలుచుకుందా, హైమా?"

రక్తపోటు పెరిగి మణికట్టు వెలుగు ఎరుపుకు తిరుగుతోంది.

"నిద్రలోనే పోయిందక్కా. తలుచుకోవడానికి వ్యవధి ఎక్కడిది?"

ఎరుపు మెల్లగా తగ్గింది. కాసేపటికి కుట్టు పడింది.

ఆ తరువాత కనిపించిన ప్రతివాళ్ళకూ చూడామణి చెప్పేది: "మా అమ్మ సుఖంగా నిద్రలోనే పోయింది. పక్కన మా హైమ ఉంది. అంతకంటే ఏం కావాలి?"

మూడు నెలలు నిండిన రోజు, ఇద్దరూ భోజనం చేస్తుంటే వైద్యస్వరం చెప్పింది: "నాళం గట్టిపడింది. ఇక ఏ సంగతైనా మాట్లాడవచ్చు."

"విన్నావా, ఇక నన్ను తిట్టొచ్చట. ఏముందో చెప్పు," అంటూ చూడామణి చెల్లెలి కంచంలో పులుసు పోసింది.

హైమావతి పులుసన్నం కలిపి ఒక ముద్ద నోట పెట్టుకుంది.

"ఉప్పు కాస్త తక్కువైందక్కా," అంది.